విజ్ఞాన ప్రసంగం, పాడ్‌కాస్ట్: వినేవారి వైపు నుంచి ఒక విమర్శ

గత విభాగంలో జనరంజక విజ్ఞాన వ్యాసాన్ని ఎలా చదవాలో, దాని మంచిచెడ్డలను ఏ ఆధారంతో చెప్పాలో చూశారు. ఈ విభాగంలో చదివే విజ్ఞానాన్ని పక్కన పెట్టి, వినే విజ్ఞానాన్ని తీసుకుంటున్నాం. శాస్త్రవేత్త ఒక సభలో చేసిన ప్రసంగాన్ని రికార్డు చేసి, పాడ్‌కాస్ట్‌గా జనం ఫోన్లలోకి పంపడం ఇప్పుడు విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, కళాశాలలు చేస్తున్న పని. మంచి పనే. అయితే మంచి ఉద్దేశంతో చేసిన పనిని విమర్శించకూడదన్న నియమం లేదు. కథను, నాటకాన్ని విమర్శించినట్టే దీన్నీ విమర్శించవచ్చు.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఫోన్‌లో ఏదైనా తెలుగు విజ్ఞాన ప్రసంగం పెట్టి, ఫోన్‌ను బోర్లించి, పది నిమిషాలు వినండి. వక్త "ఇక్కడ చూడండి", "ఈ బొమ్మలో", "ఈ గీత ఇలా పైకి పోతోంది కదా" అన్నప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీసుకోండి. పది నిమిషాలయ్యాక ఆ గీతలు లెక్కపెట్టండి.

ఈ పాఠం రాయడానికి ముందు నేనూ ఆ పని చేశాను. జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా ఒక కళాశాలలో జరిగిన ప్రసంగమది. రామన్ 1928 ఫిబ్రవరి 28న కనుగొన్న ఫలితానికి గుర్తుగా ఏటా ఆ రోజున ఇలాంటి సభలు జరుగుతాయని మీకు తెలుసు. వక్తకు విషయం బాగా తెలుసు. మాట స్పష్టంగా ఉంది. అయినా నలభై నిమిషాల ప్రసంగంలో సగం నాకు అందలేదు. ఆ సగం తెర మీద ఉండిపోయింది. మధ్యలో ఒకచోట సభంతా ఘొల్లున నవ్వింది. దేనికి నవ్వారో ఇప్పటికీ తెలియదు. చివర ఎవరో ప్రశ్న అడిగారు. మైకు వారి దగ్గరికి వెళ్లలేదు కనుక ప్రశ్న వినపడలేదు. జవాబు మాత్రం అయిదు నిమిషాలు సాగింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. ఆ రికార్డింగు చేసినవారికి ఎవరినీ చిన్నచూపు చూడాలన్న ఉద్దేశం లేదు. కాని సభలో కూర్చున్నవారే శ్రోతలు, తరువాత వినేవారు ఆ సభ గోడ అవతల చెవి ఆనించి నిలబడ్డవారు అన్న భావన ఆ రికార్డింగు నిండా ఉంది. ఈ విభాగంలో మనం చేసే విమర్శ ఇదే: సభ కోసం చేసిన ప్రసంగాన్ని పట్టి పంపినంత మాత్రాన అది పాడ్‌కాస్ట్ కాదు. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తూ వింటారో తెలిసి చేసినదే పాడ్‌కాస్ట్.

మరి ఎవరు వింటారు? మాటవరసకు కల్లూరును తీసుకుందాం. హంద్రీకి ఒక గట్టున కర్నూలు పాతపట్నం, మరో గట్టున కల్లూరు. పేరుకు మండలం, చూపుకు కర్నూలు నగరంలో ఒక ముక్క. బళ్ళారి చౌరస్తా నుంచి వచ్చేవారికి ఊరెక్కడ మొదలైందో తెలియదు. కాని ఉలిందకొండ, చిన్నటేకూరు వైపు కాస్త దూరం పోతే మెట్టచేలే. ఇక్కడ పొద్దున్నే ఆటో తీసేవారు ఉన్నారు. బట్టల కొట్టులో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలు ఉన్నారు. ఇంటి ముందు కూర్చుని బుడ్డలు ఒలిచే ఆడవాళ్లు ఉన్నారు. వీరిలో కొందరు ఈ పుస్తకం చదువుతున్న మీరే కావచ్చు, ఎందుకంటే సార్వత్రిక విద్యలో చేరేవారిలో చాలామంది పని చేసుకుంటూ చదివేవారే. వీరి చేతులు పనిలో ఉంటాయి, కళ్లు పని మీద ఉంటాయి. ఖాళీగా ఉన్నది చెవి ఒక్కటే. పాడ్‌కాస్ట్‌కు అసలు బలం అక్కడే ఉంది. "ఇక్కడ చూడండి" అన్న ప్రతిసారీ ఆ బలం పోతుంది.

ఖర్చు సంగతి కూడా లెక్క వేసి చూడండి. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున నింపిన అరగంట మాట సుమారు 14 మెగాబైట్లు. అదే అరగంట వీడియో, సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వేసుకున్నా, 225 మెగాబైట్లు. రోజుకు ఇంత అని డేటా కొలిచి వాడుకునే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేని పొలంలోనూ వినవచ్చు. పాడ్‌కాస్ట్ అన్న మాట 2004లో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ రాసిన వ్యాసంలో తొలిసారి కనిపించింది. దాని వెనుక ఉన్న యంత్రాంగం ఇంతే: ఒక శబ్ద ఫైలు, కొత్త ఫైలు వచ్చిందని చందాదారుల పరికరానికి కబురు చెప్పే ఒక జాబితా. సాంకేతికంగా దీనికి మించి మనకు అవసరం లేదు.

కాగితం మీది మాటను చెవికి చేర్చాలన్న ఆలోచన ఈ జిల్లాకు కొత్తది కాదు. పత్తికొండ ప్రాంతంలోని ఎర్రగుడి దగ్గర అశోకుడి శిలాశాసనాలున్నాయి. అందులో ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. చదవడం వచ్చినవారికే అది తికమక. అయితే అదే శాసనం, తన మాటను భేరి మోగించి జనపదాల్లోని జనానికి వినిపించాలని అధికారులను ఆదేశిస్తుంది. రాయి మీద చెక్కినంత మాత్రాన జనానికి అందినట్టు కాదని చెక్కించినవారికి తెలుసు. మన కళాశాలల వెబ్‌సైట్లలో ఎవరూ తెరవని ప్రసంగాల జాబితాలు చూసినప్పుడల్లా నాకు ఆ భేరి గుర్తుకొస్తుంది.

ఆధునిక కాలంలో ఆ భేరి రేడియో అయింది. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దూరవిద్య పాఠాలకు కూడా రేడియోనే ఆసరా అయింది. కాని రేడియో చరిత్ర చెప్పుకోవడం మన పని కాదు. తెలుగు చెవి దేనికి అలవాటు పడిందో గమనించడం మన పని. జనానికి ఓపిక లేదు, మూడు నిమిషాలు మించితే వినరు అని ఈమధ్య తరచు వింటుంటాం. ఇది నిజం కాదు. హరికథను తెల్లవార్లూ విన్న చెవులివి. ఈ రోజు కూడా రెండు గంటల ప్రవచనాన్ని వంట చేస్తూ పూర్తిగా వినే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వారు విజ్ఞాన ప్రసంగాన్ని మధ్యలో ఆపేస్తున్నారంటే లోపం ఓపికలో లేదు.

ప్రవచనం మాట వచ్చింది కనుక ఉషశ్రీని గుర్తు చేసుకోవాలి. విజయవాడ ఆకాశవాణిలో ఆయన నడిపిన 'ధర్మసందేహాలు' విజ్ఞాన కార్యక్రమం కాదు, పురాణాలకు సంబంధించినది. అయినా విజ్ఞాన పాడ్‌కాస్ట్ చేయదలచినవారు దాని నిర్మాణాన్ని చదువుకోవాలని నేను అంటాను. శ్రోతలు ఉత్తరాల్లో సందేహాలు పంపేవారు. ముందు సందేహం, తరువాత సమాధానం. శ్రోత అడిగిన దాని నుంచే ప్రసంగం మొదలవుతుంది. ఆ కంఠం వేలమందితో ఒకేసారి మాట్లాడుతున్నా, వినేవారికి తన ఒక్కరితోనే మాట్లాడుతున్నట్టు ఉండేది. మన విజ్ఞాన ప్రసంగాలు చాలావరకు దీనికి తలకిందులుగా నడుస్తాయి. ముందు నిర్వచనం, తరువాత వర్గీకరణ, తరువాత చరిత్ర, చివర సమయం మిగిలితే ప్రశ్నలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ధర్మసందేహానికి సమాధానం గ్రంథప్రమాణం మీద, చెప్పేవారి మీది గౌరవం మీద నిలుస్తుంది. విజ్ఞాన సమాధానం అలా నిలవకూడదు. అందుకని ఆ నిర్మాణాన్ని తీసుకోండి, ఆ అధికారాన్ని తీసుకోకండి. "ఇలా జరుగుతుంది" అన్న తరువాత "ఇలా జరుగుతుందని మనకెలా తెలుసు" అన్న రెండో మాట లేకపోతే అది విజ్ఞానం పేరుతో చేసిన ప్రవచనమే.

ఆకాశవాణి, జాతీయ విజ్ఞాన ప్రసార మండలి కలిసి 1991లో మొదలుపెట్టిన మానవ పరిణామ ధారావాహికను మరో నమూనాగా చూడవచ్చు. హిందీలో దాని పేరు 'మానవ్ కా వికాస్'. 144 భాగాలు, 18 భాషలు. పాఠశాలలు, పిల్లలు శ్రోతలుగా పేర్లు నమోదు చేసుకుని వారం వారం విన్నారు. దీన్ని ఒక్కొక్క ఉపన్యాసంగా కాక ధారావాహికగా మలిచారన్నది గమనించండి. మనిషి పుట్టుకను ఒక సభలో గంటలో చెప్పవచ్చు, అది విన్నవారికి మిగిలేది రెండు మూడు పేర్లు. వారానికి కొంచెం చొప్పున ఏళ్ల తరబడి చెప్పినప్పుడు అది శ్రోత జీవితంలో ఒక భాగమవుతుంది. పాడ్‌కాస్ట్ సహజంగా ధారావాహిక రూపం. దాన్ని వార్షికోత్సవ ప్రసంగాల మూటగా వాడుకోవడం ఆ రూపాన్ని తెలుసుకోకపోవడమే.

మూడో నమూనా జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న ప్రసారాలు మొదలుపెట్టింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, లైసెన్సు రాని కాలంలో, వారు తమ మాటలను క్యాసెట్ల మీద నింపి ఊరూరా సంఘాల సమావేశాల్లో వినిపించేవారు. ఆలోచించి చూడండి, ప్రసార కేంద్రం లేకుండా, రికార్డు చేసిన మాటను కావలసినవారికి కావలసిన వేళకు చేర్చడమే కదా అది. పాడ్‌కాస్ట్ అన్న మాట పుట్టకముందే మన దగ్గర పాడ్‌కాస్ట్ నడిచిందనడం అతిశయోక్తి కాదు. అంతకంటే ముఖ్యం, అక్కడ మాట్లాడేది విత్తనం గురించి, మెట్టపంటల గురించి స్వయంగా తెలిసిన స్త్రీలు. విజ్ఞానాన్ని పైవారు కిందివారికి చేరవేస్తారన్న మన అలవాటు మాటను ఆ క్యాసెట్లు ప్రశ్నిస్తాయి. కల్లూరు మండలంలో బోర్లు ఎందుకు ఎండుతున్నాయో భూగర్భజల నిపుణులకు ఒక రకంగా తెలుసు, నాలుగు బోర్లు వేయించి మూడు పోగొట్టుకున్న రైతుకు మరో రకంగా తెలుసు. ఇద్దరినీ ఒకే మైకు ముందు కూర్చోబెట్టే ప్రసంగం నాకు ఇంతవరకు వినపడలేదు.

ఇప్పుడు ఒక విషయాన్ని తీసుకుని, దాన్ని సభ కోసం చెప్పడానికీ చెవి కోసం చెప్పడానికీ ఉన్న తేడాను వివరంగా చూద్దాం. విషయం కూడా మన పక్కదే.

కల్లూరు నుంచి బేతంచెర్ల మీదుగా బనగానపల్లె వైపు వెళితే జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడి నేలలో తెల్లటి బూడిద పొర ఒకటి ఉంది, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. అది ఇక్కడి బూడిద కాదు. సుమారు 74,000 సంవత్సరాల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గాలిలో కొట్టుకొచ్చి ఇక్కడ పేరుకున్నది. గిన్నెలు తోమే పొడుల కోసం ఆ బూడిదను తవ్వి అమ్ముకున్నారు కూడా. 2007లో మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, వారి సహచరులు 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. బూడిద పొరకు కింద దొరికిన రాతి పనిముట్లు, పైన దొరికిన పనిముట్లు ఒకే తీరులో ఉన్నాయని, అంత పెద్ద విపత్తు తరువాత కూడా ఇక్కడ మనుషులు కొనసాగారని వారి వాదం. అందరూ ఒప్పుకోలేదు. 2009లో మార్టిన్ విలియమ్స్, స్టాన్లీ ఆంబ్రోస్ తదితరులు బంగాళాఖాతం అడుగున దొరికిన పుప్పొడిని, మధ్య భారతదేశపు పాత నేలల్లోని కార్బన్‌ను పరిశీలించి, ఆ విస్ఫోటనం తరువాత అడవులు తగ్గి గడ్డినేలలు పెరిగాయని చెప్పారు.

దీన్ని సభలో ఎలా చెబుతారు? నేను కల్పించిన ఈ వాక్యాలు చూడండి: "ఈ స్లైడులో కనిపిస్తున్నది జ్వాలాపురం తవ్వకంలో స్తరక్రమ విన్యాసం. ఎర్రగీత కింద ఉన్నది విస్ఫోటన పూర్వ దశ, పైన ఉన్నది విస్ఫోటనానంతర దశ. కుడివైపు పట్టికలో శిలా పరికరాల తులనాత్మక గణాంకాలు ఉన్నాయి." సభలో ఇందులో తప్పేమీ లేదు. తెర ఉంది, ఎర్రగీత ఉంది. బుడ్డలు ఒలిచే ఆవిడకు మాత్రం ఇందులో ఒక్క వస్తువూ లేదు.

చెవి కోసం అయితే ఇలా మొదలుపెట్టవచ్చు: "గిన్నెలు తోమే పొడి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య రుద్దండి. గరగరలాడుతుంది కదా. అలాంటి గరుకు పొడి మన బనగానపల్లె దగ్గర భూమిలో నిలువెత్తు పొరగా ఉంది. అది సముద్రం అవతలి కొండ నుంచి వచ్చింది." తరువాత పొరల సంగతి. ట్రంకుపెట్టెలో బట్టలు మడిచి పెట్టినప్పుడు అడుగున ఉన్నది ముందు పెట్టినది, పైన ఉన్నది నిన్న పెట్టినది. నేల కూడా అంతే. బూడిద కింద దొరికిన రాయి బూడిద పడకముందు మనిషి వాడినది, పైన దొరికినది తరువాతి మనిషి వాడినది. ఇంత చెప్పాక ఇక పట్టికతో పని లేదు. రెండు పనిముట్లూ ఒకేలా ఉన్నాయన్న మాట వినగానే శ్రోతే అడుగుతారు: "అయితే వాళ్లు చావలేదా?" ప్రసంగం అక్కడి నుంచి నడుస్తుంది.

దీన్ని చూసి విషయాన్ని పలచన చేశారని కొందరు అంటారు. ఒప్పుకోను. కాలం, పొర, పోలిక, అనుమానం అన్నీ ఇందులో ఉన్నాయి. తగ్గింది సమాసాలు మాత్రమే. పుస్తకంలో పెద్ద సమాసం ఎదురైతే మీరు ఆగుతారు, విడగొట్టుకుంటారు, వెనక్కి వెళతారు. చెవికి ఆ వెసులుబాటు తక్కువ. 'కిరణజన్య సంయోగక్రియ' పదో తరగతి చదివిన అందరికీ నోటికి వచ్చిన మాటే, వినగానే మాత్రం అందులోంచి ఎండగాని ఆకుగాని బయటికి రావు. ఆకు ఎండతో తన తిండి తాను తయారు చేసుకుంటుందని ఒకసారి చెప్పి, తరువాత ఆ పారిభాషిక పదాన్ని చెబితే పదం నిలుస్తుంది. అలాగని సంస్కృత పదాలన్నీ బరువు అనుకోకండి. గ్రహణం సంస్కృతమే, ఎవరికి తెలియదు? మహీధర నళినీమోహన్ తన పుస్తకానికి 'గ్రహణాల కథ' అని పేరు పెట్టడంలో ఈ తెలివిడి ఉంది. యాస విషయం మరొకటి. వేరుశనగ అంటే కర్నూలులో అర్థం కాదని కాదు, బుడ్డలు అంటే మాట్లాడేది మనవారని తెలుస్తుంది. పాఠ్యపుస్తకానికి ఒకే ప్రమాణభాష కావాలి. పాడ్‌కాస్ట్‌కు ఆ అవసరం లేదు, దాన్ని అందరూ కలిసి ఒకే పుస్తకంలా వినరు.

భిన్నాభిప్రాయం దగ్గర పాడ్‌కాస్ట్ సభను మించిపోగలదు. సభలో ఒకే కంఠం. పెట్రాగ్లియా బృందం వాదాన్ని చెప్పిన వక్తే విలియమ్స్ బృందం అభ్యంతరాన్నీ చెప్పాలి. తన వాదం కాని దాన్ని ఎవరైనా కాస్త తొందరగా ముగిస్తారు. రెండు కంఠాలు ఉన్నప్పుడు శాస్త్రం ఇంకా తేలని చోట ఎలా ఉంటుందో శ్రోతకు వినిపిస్తుంది. ముంబయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థ 2009 నుంచి నడుపుతున్న 'చాయ్ అండ్ వై?' సభల్లో ప్రశ్నకు పెద్దపీట వేశారు. అది ముఖాముఖి కార్యక్రమం, అయినా దాని మర్యాద చెవికి కూడా పనికొస్తుంది.

పేరున్న శాస్త్రవేత్త అయినంత మాత్రాన ఇది సాధ్యం కాదు. 1953లో బీబీసీ రీత్ ప్రసంగాలు చేసిన రాబర్ట్ ఓపెన్‌హైమర్ మాటలు శ్రోతలకు కొరుకుడుపడలేదని అప్పుడే అన్నారు. ఆయనకంటే వందేళ్ల ముందు మైకేల్ ఫారడే లండన్‌లో పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పడానికి కొవ్వొత్తిని తీసుకున్నాడు. ఆ ప్రసంగాల నిండా కళ్లతో చూసే ప్రయోగాలే. అయినా అవి పుస్తకంగా అచ్చయి, చూడనివారికి కూడా అందుతున్నాయంటే కారణం ఆ కొవ్వొత్తి అందరి ఇంట్లోనూ ఉండడం. వస్తువు వక్త చేతిలో ఉంటే సభ కావాలి. శ్రోత ఇంట్లో ఉంటే చెవి చాలు. కల్లూరులో ఇళ్లలో పరిచే బేతంచెర్ల నాపరాయి అలాంటిదే. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అది. అలాంటి సున్నపురాయిలోనే బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు ఏర్పడ్డాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ గుహల్లో తవ్వి పాతకాలపు జంతువుల ఎముకలు వెలికితీశాడు. ఇన్నేళ్లుగా కాళ్ల కింద ఉన్న ఈ ప్రసంగాన్ని ఎవరూ చేయకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఇదంతా రుచికి సంబంధించిన చర్చ అనుకునే ప్రమాదం ఉంది. కాదు. 2020లో కరోనా రోజుల్లో మీ ఫోన్‌కు వచ్చిన శబ్ద సందేశాలు గుర్తు చేసుకోండి. ఎవరో పేరు చెప్పని డాక్టరు, కంగారు కంఠం, ఫలానా కషాయం తాగండి, ఫలానాది ముట్టకండి. అవి బాగా పాకడానికి కారణాలున్నాయి. అవి చెవి కోసం చేసినవి. "ఇక్కడ చూడండి" అని ఎక్కడా అనలేదు. ఇంట్లో ఉన్న మిరియాలు, వెల్లుల్లి గురించి మాట్లాడాయి. మన భాషలో, మనింటివారి గొంతులో మాట్లాడాయి. వాటిలో లేనిది ఒక్కటే, "మనకెలా తెలుసు" అన్న మాట. ఆ మాట ఉన్న ప్రసంగం తెర వైపు తిరిగి మాట్లాడుతుంటే, లేనిది నేరుగా చెవిలో మాట్లాడింది. ఇద్దరి శ్రోతా ఒకరే.

మూల రికార్డింగుల విలువను నేను కాదనడం లేదు. ఒక శాస్త్రవేత్త గొంతు, ఆ రోజు సభ, దగ్గులు, నవ్వులు కూడా భద్రపరచదగినవే. అది భాండాగారం పని, ఆ పేరుతోనే దాచాలి. తెలుగులో కథలకు, నవలలకు 'దాసుభాషితం', 'హర్షణీయం' వంటి శ్రవ్యవేదికలు ఏర్పడ్డాయి. వినడానికి వీలుగా సాహిత్యాన్ని చదివి అందించే పద్ధతి అక్కడ స్థిరపడుతోంది. విజ్ఞానానికి ఇంకా అంత శ్రద్ధ దొరకలేదని ఈ పాఠ రచయిత అభిప్రాయం. మన దూరవిద్య శ్రవ్యపాఠాలు కూడా ఈ విమర్శకు అతీతం కాదు. అచ్చు పాఠాన్ని మైకు ముందు పెట్టుకుని, "పట్టిక చూడుము" అన్న మాటతో సహా చదివిన పాఠాన్ని నేను విన్నాను. ఏ సంస్థదో ఇక్కడ అనవసరం.

అభ్యాసం: పది నిమిషాలు విని గీతలు పెట్టుకున్న ప్రసంగాన్నే మళ్లీ తీసుకోండి. అందులో తెర మీద ఆధారపడిన ఒక భాగాన్ని ఎంచుకుని, మీ ఇంట్లోగాని మీ ఊళ్లోగాని ఉన్న ఒక వస్తువుతో మొదలయ్యేట్టు రెండు నిమిషాల మాటగా తిరిగి రాయండి. రాసినదాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, ఏదో ఒక పనిలో ఉన్న ఒకరికి వినిపించండి. పని ఆపమని అడగవద్దు. విన్న తరువాత వారు అడిగిన మొదటి ప్రశ్నను వారి మాటల్లోనే రాసి, మీ అభ్యాసపత్రానికి జతచేయండి. ప్రశ్న ఏదీ అడగకపోతే ఆ సంగతీ రాయండి.